చిత్తూరులో మిలిటరీ జీపులు చేసే షెడ్డు: కొలత చూడకుండా బోల్టు కూడా బిగించరు

తొందర ఉన్నవాళ్ళు ఈ షెడ్డుకి వెళ్ళొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే సగం మందికి చదివే పని తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి బండిని దాని అసలు కొలతలతో, అసలు సామాన్లతో మళ్ళీ నిలబెట్టాలని పట్టుదలగా ఉన్నవాళ్ళు మాత్రం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఈ పనికి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

షెడ్డు చిత్తూరులో రాయవేలూరు పోయే రోడ్డు పక్కన ఒక సందులో ఉంది. బోర్డు లేదు. పాత లారీ సామాన్ల అంగళ్ళ దగ్గర నిలబడి "మిలిటరీ జీపులు చేసే భాయ్ ఎక్కడ" అంటే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. భాయ్‌కి అరవై దాటి ఉంటాయి, కొడుకు, ఇద్దరు కుర్రాళ్ళు కూడా పని చేస్తారు. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, వెల్డింగ్ సెట్టు, అంతే. కానీ గోడ మీద అంగుళాల స్పానర్లు ఒక వరుస, మిల్లీమీటర్ల స్పానర్లు ఇంకో వరుస, రెండూ కలవకుండా తగిలించి ఉంటాయి. పాత అమెరికన్ బండి పని తెలిసినవాళ్ళకి ఆ రెండు వరుసలు చూస్తేనే సగం నమ్మకం కుదురుతుంది.

మా బండి 1944 నాటి జీపు. జీపుని పట్టుకుని మిలిటరీ ట్రక్కు అంటావేంటి అని అడిగేవాళ్ళు ఉంటారు, అమెరికా సైన్యం కాగితాల్లో దాన్ని పావు టన్ను 4x4 ట్రక్కు అనే రాసుకున్నారు. యుద్ధం అయిపోయాక సైన్యం అమ్మేసిన డిస్పోజల్ బండ్లలో ఇదీ ఒకటి. బంగారుపాళ్యం వైపు ఒక మామిడితోటలో ఏళ్ళ తరబడి నీళ్ళ డ్రమ్ములు, కాయల గంపలు మోసి చివరికి రేకుల కింద నిలబడిపోయింది. నా చేతికి వచ్చేసరికి స్టీరింగ్ కుడిపక్కకి మారిపోయింది, ముందు జాలీ స్థానంలో ఏడు చీలికల మహీంద్రా జాలీ ఉంది, 6 వోల్టుల కరెంటు 12 వోల్టులయింది, కార్బ్యురేటర్ కూడా అసలుది కాదు, సోలెక్స్ కంపెనీది. అవన్నీ ఆయా రోజుల్లో బండి నడవాలని చేసిన పనులు, వాళ్ళని తప్పు పట్టను. పనికొచ్చే బండిగా అది బతికి ఉండబట్టే కదా మన దాకా వచ్చింది.

ముందు తిరుపతిలో ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాను. బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, "డీజిల్ ఇంజన్ వేసేద్దాం సార్, పవర్ స్టీరింగ్ పెడదాం, వెడల్పు టైర్లు వేస్తే అదిరిపోతుంది" అన్నారు. అలా చేయించుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ వ్యాపారం అది. నాకు కావలసింది వేరు.

చిత్తూరు భాయ్ బానెట్ జోలికే పోలేదు. గోనె పట్టా పరిచి, టార్చి తీసుకుని బండి ముందు భాగం కిందకి దూరాడు. లేచి వచ్చి, "తమ్ముడూ, నీకు విల్లీస్ అని చెప్పి అమ్మినారా? ఇది ఫోర్డు" అన్నాడు. నిజంగానే నాకు విల్లీస్ అనే అమ్మారు. యుద్ధకాలంలో ఒకే జీపుని విల్లీస్, ఫోర్డ్ అని రెండు అమెరికా కంపెనీలు చేశాయి, విల్లీస్ మోడల్ పేరు ఎంబీ, ఫోర్డ్‌ది జీపీడబ్ల్యూ. రేడియేటర్ కింద రెండు చాసిస్ పట్టాలనీ కలిపే అడ్డ కమ్మీ గుండ్రటి గొట్టంలా ఉంటే అది విల్లీస్ ఎంబీ, తిరగేసిన యూ ఆకారంలో పెట్టెలా ఉంటే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. పాత జీపు కొనబోయేవాళ్ళు ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి, పైన బాడీ, బానెట్, ఇంజన్ అన్నీ మారిపోయి ఉంటాయి గానీ ఆ కమ్మీ మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ తర్వాత ఎడమ పట్టా పైన ముందువైపు తుప్పు, పెయింటు మెల్లగా గీకి, సుద్దముక్కతో రుద్దితే జీపీడబ్ల్యూ అక్షరాలతో మొదలయ్యే నెంబరు తెల్లగా తేలింది. ఇంజన్ మీద మాత్రం ఎంబీ నెంబరు ఉంది, అంటే ఫోర్డ్ చాసిస్‌లో విల్లీస్ ఇంజన్. విల్లీస్ డ్రాయింగుల ప్రకారమే ఫోర్డ్ కూడా 1941 చివర్లో కాంట్రాక్టు తీసుకుని బండ్లు చేసింది కాబట్టి ఒకదాని సామాను ఇంకోదానికి సరిపోతుంది, సైన్యం వర్క్‌షాపుల్లోనే ఇంజన్లు అటూ ఇటూ మారేవి. అందుకే ఫోర్డ్ ఇంజన్ కోసం వెతకాలా వద్దా అని తర్జనభర్జన పడి, ఇదే ఉంచుదామని తేల్చుకున్నాం. యుద్ధంలోనో ఆ వెంటనేనో జరిగిన మార్పు కూడా ఆ బండి చరిత్రే అని నా నమ్మకం. ఈ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ పట్టుదలా అర్థం చేసుకోగలను.

ఇక చాసిస్ కొలిచిన పద్ధతి గురించి రాయాలి, ఈ షెడ్డుకి నేను మార్కులు వేసేది అక్కడే.

బాడీ, ఇంజన్ దించేశాక చాసిస్‌ని నాలుగు స్టాండ్ల మీద పెట్టి, ఇల్లు కట్టే మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో నాలుగు మూలలూ సమానం చేశారు. స్ప్రింగులు తగిలే ఒక్కో బ్రాకెట్ నుంచి దారానికి తూకం గుండు కట్టి కిందకి వదిలారు. గుండు ఊగడం ఆగే దాకా భాయ్ షెడ్డులో ఫ్యాన్ ఆపించేశాడు. మొన కింద సిమెంటు నేల మీద ఎక్కడ నిలిస్తే అక్కడ సుద్దతో చుక్క, పక్కన దాని పేరు. అలా అన్ని చుక్కలూ పడ్డాక చాసిస్ మొత్తం నేల మీద బొమ్మగా దిగింది. అప్పుడు టేపుతో ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి కర్ణాలు కొలిచారు. రెండూ ఒకటే రావాలి. రాలేదు, అర అంగుళం దాకా తేడా. అంటే ఎప్పుడో ఒక పక్క దెబ్బ తగిలి చాసిస్ మొత్తం పక్కకి వాలింది. ఈ బండి వీల్‌బేస్, అదే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. అంత పొట్టి బండికి అర అంగుళం అంటే చిన్న విషయం కాదు, ఎంత అలైన్‌మెంట్ చేయించినా ఒకవైపుకి లాగుతూనే ఉంటుంది.

దాన్ని సరిచేయడానికి గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచడం మామూలుగా చేసే పని. భాయ్ ఒప్పుకోలేదు, కాల్చిన చోట ఇనుము గుణం మారిపోతుంది అన్నాడు. గొలుసులు కట్టి, జాకీతో కొంచెం కొంచెంగా చల్లటి మీదే లాగాడు, లాగిన ప్రతిసారీ మళ్ళీ గుండు, మళ్ళీ సుద్ద, మళ్ళీ టేపు. అడ్డ కమ్మీ వదులైన చోట ఎవరో పాతకాలంలో రివిట్ల మీద వెల్డింగ్ పూసేశారు. అదంతా గ్రైండ్ చేసి తీసేసి, కొత్త రివిట్లు కొలిమిలో కాల్చి, ఒకరు వెనక దిమ్మ పట్టుకుంటే ఇంకొకరు సుత్తితో తల కట్టారు. ఈ పని ఇప్పటి కుర్ర మెకానిక్కుల్లో చాలామంది చూసి కూడా ఉండరు. భాయ్ కొడుకుకి వచ్చు, అది చూసి నిజంగా సంతోషమేసింది.

వీళ్ళ దగ్గర టీఎం 9-803 ఉంది, 1944 ఫిబ్రవరిలో అమెరికా యుద్ధ శాఖ ఈ బండికి వేసిన మాన్యువల్. జిరాక్స్ కాపీ, పేజీల అంచులన్నీ గ్రీజు మరకలు. భాయ్‌కి ఇంగ్లీషు రాదు, కొడుకు చదివి తెలుగులో చెప్తాడు, ఆయన విని కొలత గోడ మీద బొగ్గుతో రాస్తాడు. ప్లగ్ గ్యాప్ 0.030, పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, ఇలాంటివి గోడ నిండా ఉన్నాయి. నోటి లెక్కతో పని చేసే షెడ్లు ఎన్నో చూశాను, కాగితంలో ఏముందో చూసి, ఆ తర్వాత చేతిలో ఉన్న వస్తువుని కొలిచి, రెండూ కలవకపోతే ఆగి ఆలోచించే మనుషుల్ని తక్కువ చూశాను.

ఇంజన్ విషయానికొస్తే ఇది 134 క్యూబిక్ అంగుళాల నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వ్ ఇంజన్, 2199 సీసీ, 60 హార్స్ పవర్. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 3.125 అంగుళాలు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 4.375. మాదాన్ని ఇదివరకే బోరింగ్ చేసి పెద్ద పిస్టన్లు వేసి ఉన్నారు, మళ్ళీ కోస్తే గోడ పలచబడుతుంది. ప్రతి సిలిండర్‌నీ పైన, నడుమ, కింద, మళ్ళీ అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి గేజీ పెట్టి కొలిచి, ఆ కొలతలన్నీ నాకు కాగితం మీద రాసిచ్చి, అప్పుడు లైనర్లు, అంటే సిలిండర్ లోపల దూర్చే కొత్త గొట్టాలు, వేద్దామన్నారు. లైనర్లు వేసి మళ్ళీ స్టాండర్డ్ 3.125కి తెచ్చారు.

ఇక్కడ ఒక సంగతి, మనవైపు జీపు ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. యుద్ధకాలం ఇంజన్‌లో వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్‌ని తిప్పేది టైమింగ్ చైను. తర్వాత వచ్చిన సివిల్ జీపుల్లో చాలావాటికి, మహీంద్రా పెట్రోల్ జీపులకి గేర్లు. చైను అయితే క్యామ్ కూడా క్రాంకు తిరిగే దిక్కుకే తిరుగుతుంది, గేరు అయితే ఎదురు దిక్కుకి. అందుకే ఒకదాని క్యామ్ ఇంకోదానికి పనికిరాదు, ఆయిల్ పంపు కూడా వేరే. అంగట్లో "అన్నీ ఒకటే అన్నా, జీపు క్యామే" అని ఇచ్చేస్తారు, చూడ్డానికి అలాగే ఉంటుంది కూడా. చెన్నైలో పాత సామాన్లు అమ్మే పుదుపేటలో మాకు అలాగే ఒకటి అంటగట్టబోయారు, భాయ్ ఫోటోలో చూసే వద్దన్నాడు. చివరికి పాతదాన్నే కొలిచి చూస్తే అరుగుదల హద్దు లోపలే ఉంది, పాలిష్ చేసి అదే వేశారు.

బోల్టుల గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఫోర్డ్ వాళ్ళు తమ బండిలో వాడిన బోల్టు తలల మీద ఎఫ్ అక్షరం కొట్టేవారు. మా బండిలో ఎన్ని మిగిలాయో అన్నీ వెతికి తీసి, కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, ఏది ఎక్కడిదో చీటీ కట్టి రేకు ట్రేల్లో పెట్టారు. నేనొకసారి ఒక బోల్టుని వెలుతురులో తిప్పి చూశాను, వేలి గోరంత తల మీద ఎఫ్ నిలువు గీత ఒక పక్క అరిగిపోయి ఉంది, ఎనభై ఏళ్ళలో ఎన్ని స్పానర్లు పడ్డాయో. అంతకుముందు ఎవరో కొన్ని చోట్ల రంధ్రాలు పెద్దవి చేసి 10 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టులు బిగించారు. అసలుది 3/8 అంగుళం, అంటే 9.525 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. తేడా అర మిల్లీమీటర్ కూడా లేదు, పోనీలే అనుకోవచ్చు. భాయ్ అనుకోలేదు, చెడిన ప్రతి రంధ్రంలోనూ బుష్ వేసి మళ్ళీ 3/8 మర తీశాడు.

బాడీ కింద ఇనుప చానళ్ళలో కొయ్య ఉంటుందని నాకు తెలియదు. నేల బలంగా ఉండడానికి కంపెనీవాళ్ళే ఆ చానళ్ళ లోపల చెక్క దూర్చారు. ఆ చెక్క తేమ పీల్చి, లోపలి నుంచి ఇనుముని తినేస్తుంది, పైన చూస్తే ఏమీ తెలియదు. టింకరింగ్ చేసేవాళ్ళు చాలామంది కొత్త రేకు పైన అతికి వదిలేస్తారు. ఇక్కడ చానల్ మొత్తం విప్పి, పాత చెక్క ముక్క కొలత తీసుకుని, బాగా ఆరిన టేకు కోయించి, రెండు చుట్లు నూనె పట్టించి పెట్టారు.

జాలీ పుదుపేట కుప్పల్లో దొరికింది, తొమ్మిది చీలికల అచ్చు రేకు జాలీ, కానీ సొట్టలు. అట్టముక్క మీద ఒక మంచి చీలిక గీసుకుని దాన్నే కొలబద్దగా పెట్టుకుని మిగతా ఎనిమిదింటినీ సుత్తితో దారికి తెచ్చారు. హెడ్‌లైట్లు వెనక్కి తిరిగేలా బిజాగరీ మీద ఉంటాయి ఈ బండికి, రాత్రిపూట ఇంజన్ పని చేయాల్సి వస్తే లైటు వెనక్కి తిప్పి ఆ వెలుతురులోనే చేసుకోవచ్చు. యుద్ధంలో ఉన్న మనిషి అవసరం ఎరిగి చేసిన ఏర్పాటు అది, నాకు ఈ బండిలో అన్నిటికంటే నచ్చిన భాగం అదే.

కరెంటు పని మాత్రం బయట ఇస్తారు, అదొక లోపం. 6 వోల్టుల బండికి అదే శక్తి కావాలంటే 12 వోల్టుల బండి కంటే రెట్టింపు కరెంటు పారాలి, అందుకే స్టార్టర్ కేబుల్ లావుగా ఉండాలి. బయటి ఎలక్ట్రీషియన్ మామూలు కారు కేబుల్ వేసి పంపాడు, స్టార్టర్ మూలిగింది. భాయ్ చూసి వెంటనే తిప్పి పంపాడు, నిజమే, కానీ ఆ తిరుగుడంతా మన టైమే కదా.

స్టీరింగ్‌ని మళ్ళీ ఎడమపక్కకి తెచ్చాం, యుద్ధకాలం బండి ఎడమ స్టీరింగ్‌దే మరి. ఎడమ స్టీరింగ్ బండిని మన రోడ్ల మీద నడపాలంటే పనిచేసే సిగ్నల్ ఏర్పాటు ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ చెప్తుంది. 1944 జీపుకి ఇండికేటర్లు లేవు. అసలు రూపం కావాలంటే చట్టం ఒప్పుకోదు, చట్టం ప్రకారం పోతే రూపం పోతుంది, ఈ రెంటి మధ్య నాకు బాగా టెన్షన్ పట్టుకుంది. భాయ్ కొడుకు బంపర్‌కి ఉన్న బోల్టులకే తగిలే ఒక కమ్మీ చేసి, దాని మీద ఇండికేటర్లు పెట్టాడు. చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఒక్క కొత్త రంధ్రం లేదు, ప్రదర్శనకి పెట్టేటప్పుడు ఊడదీసేయొచ్చు. ఈ ఒక్క పనికే వాళ్ళకి ఎంతిచ్చినా తక్కువే అనిపించింది.

నచ్చనివి కూడా చెప్పాలి. పెయింటు వీళ్ళ బలం కాదు. మొదటిసారి వేసింది పచ్చగా, మెరుస్తూ వచ్చింది, ఇప్పటి మిలిటరీ లారీల రంగులా. ఆలివ్ డ్రాబ్ అనే యుద్ధకాలం సైన్యం రంగులో గోధుమ ఛాయ ఎక్కువ, మెరుపు అస్సలు ఉండదు. నేనే డాష్‌బోర్డ్ వెనకాల ఎండ తగలని చోట మిగిలిన పాత రంగు చూపించి రాయవేలూరులో కలిపించుకొచ్చాను, అప్పుడు మళ్ళీ వేశారు, రెండోసారి డబ్బు అడగలేదు. సీట్ల క్యాన్వాస్ లారీ టార్పాలిన్ అంగడి నుంచి తెచ్చారు, కుట్టు బాగుంది, రంగు తేలిపోయింది, అది మార్చుకోవాలి. చక్రాల్లో రెండే పాత కాంబాట్ రిమ్ములు, మిగతావి దొరికే దాకా మామూలువే. రిమ్ముల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక: కాంబాట్ రిమ్ము రెండు ముక్కలుగా ఉండి నట్లతో బిగిసి ఉంటుంది, గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకోటి, ఎడమ చక్రాల స్టడ్లకి తిరగమర ఉంటుంది, తెలియని పంచర్ షాపువాళ్ళు మామూలుగా విప్పబోయి స్టడ్డు విరిచేస్తారు. మా బండికి దారిలో సరిగ్గా ఇదే జరిగింది. పక్కన నిలబడి చెప్పి చేయించుకోండి.

డబ్బు సంగతి. మొత్తం ఇంత అని ముందే చెప్పరు, కూలీ రోజు లెక్క, సామాను బిల్లు వేరే. బండి కొన్న ధర కంటే పని ఖర్చు బాగా ఎక్కువైంది, అది అనుకునే దిగాలి. ఖర్చు రాసిన నోటుబుక్కు ఎప్పుడడిగినా చూపించారు, పాత సామాను ప్రతి ముక్కా సంచిలో కట్టి తిరిగిచ్చారు. గడువు మాత్రం నమ్మొద్దు. వచ్చే వారం అంటే వచ్చే నెల అనుకోండి, మామిడి సీజన్‌లో అయితే లారీల పనులు నెత్తిన పడి జీపులు పూర్తిగా పక్కకి పోతాయి.

రిజిస్ట్రేషన్ ఆలోచన ఉన్నవాళ్ళకి, 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన సొంత వాడకం బండ్లకి వీఏ సిరీస్ నెంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు ఉండకూడదు. డీజిల్ ఇంజన్ వేయించుకున్నవాళ్ళకి ఇక్కడే చిక్కు. మా కాగితాలకి భాయ్ రాసిచ్చిన కొలతల పట్టీ, పని మధ్యలో తీసిన ఫోటోలు జతచేశాను, మీరూ మొదటి రోజు నుంచే ఫోటోలు తీసి పెట్టుకోండి.

బండి ఇప్పుడు ఎలా ఉందంటే, చిత్తూరు నుంచి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి నేనే నడుపుకుంటూ వచ్చాను. స్టీరింగ్ వదిలినా పక్కకి లాగడం లేదు. ఫస్ట్ గేరుకి సింక్రో, అంటే గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, ఉండదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి, రెండు, మూడు గేర్లు మెత్తగా పడుతున్నాయి. అలిపిరి దగ్గర పూజ చేయించి టెంకాయ కొట్టించాం. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు కూడా 1944లోనే తెరిచారు కాబట్టి రోడ్డూ బండీ ఒక ఈడువే, కొండెక్కించాలని ఉంది గానీ నెంబరు వచ్చి, అనుమతులేమిటో కనుక్కున్నాకే.

భాయ్‌కి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా లేత్ చప్పుడులో ఏమీ వినబడదు. పొద్దున్నే పది లోపల నేరుగా వెళ్ళండి, శుక్రవారం మధ్యాహ్నం ఉండరు. బండిని ట్రాలీ మీద ఎక్కించుకుని పోకముందు అడ్డ కమ్మీ, చాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు ఫోటోలు తీసుకెళ్ళి చూపించండి, చేస్తారో చేయరో అక్కడికక్కడే చెప్పేస్తారు. చేయలేమంటే బతిమాలొద్దు, చేతిలో ఉన్న బండ్లు పూర్తయ్యే దాకా కొత్తది ముట్టుకోరు.